జలగండం గలవాడు, మునిగిన ఓడ

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు రాని విద్య లేదు. గుర్రపు స్వారీ వచ్చు, కర్రసాము వచ్చు, తబలా వచ్చు, అవసరమైతే ఫ్రెంచి కూడా కొంచెం వచ్చు. 'రాదు' అనే మాట ఒక్కటే వచ్చేది కాదు. ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో అసిస్టెంటు డైరెక్టరుగా నిలదొక్కుకోవాలంటే ఆ ఒక్క మాటా రాకపోవడమే అసలు అర్హత అని నేను గట్టిగా నమ్మాను. పొద్దున్నే ఆఫీసు మెట్లు ఎక్కుతున్నప్పుడే "వచ్చండీ" అనే జవాబును నాలుక చివర సిద్ధంగా పెట్టుకునేవాణ్ణి. ప్రశ్న ఏదైనా ఫరవాలేదు. (ఒకసారి ఒంటె తోలడం వచ్చా అని అడిగితే కూడా వచ్చండీ అన్నాను. దేవుడి దయవల్ల ఆ కథలోంచి ఒంటెను తీసేశారు.) ఇప్పుడు చత్వారం కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, వాడు అన్ని అబద్ధాలాడి ప్రాణాలతో ఎలా బయటపడ్డాడా అని ఆశ్చర్యం వేస్తుంది. అందులో ఒక అబద్ధం మాత్రం వాణ్ణి ఏకంగా సముద్రం అడుక్కి తీసుకుపోయింది. ఆ ముచ్చటే ఇది.

మా డైరెక్టరుగారిని మేమందరం గురువుగారు అనేవాళ్ళం. ఆయన దగ్గర ఎనిమిది మందిమి అసిస్టెంట్లం. నేను ఎనిమిదోవాణ్ణి. అంటే కథాచర్చల్లో కూర్చునే హక్కు ఉంటుంది కానీ కుర్చీ ఉండదు, కిటికీ గట్టు మీద కూర్చోవాలి. ఆ ఏడాది ఆయన తలకెక్కిన కథలో రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోయిన ఒక సరుకుల ఓడ ఉంది. హీరో దాన్ని వెతుక్కుంటూ సముద్రంలోకి దిగుతాడు. నెలరోజులుగా అందరం కంప్యూటర్ల ముందు కూర్చుని మునిగిన ఓడల వీడియోలు చూసి చూసి, కళ్ళు మూసుకుంటే చేపలు కనబడే స్థితికి వచ్చాం. ఒకరోజు మధ్యాహ్నం గురువుగారు నడుస్తూ నడుస్తూ (ఆయన ఆలోచనంతా కాళ్ళలోనే ఉండేది) గోడ దగ్గర ఆగిపోయి, "వీడియోలు చూసి రాస్తే వీడియోలాగే ఉంటుందయ్యా. మనలో ఎవడో ఒకడు కిందికి దిగి, కళ్ళతో చూసొచ్చి, నాకు చెప్పాలి. స్కూబా డైవింగ్ నేర్పిస్తాను. ఈత ఎవడికొచ్చు?" అన్నారు.

కుర్చీల్లో ఉన్న ఏడుగురూ ఒక్కసారిగా సీలింగు ఫ్యానును పరిశీలించడం మొదలుపెట్టారు. గురువుగారి చూపు వాళ్ళందరినీ దాటుకుంటూ వచ్చి కిటికీ గట్టు మీద ఆగింది.

"నీది కాకినాడ వైపు కదూ? సముద్రం ఒడ్డునే పెరిగుంటావు. ఈత వచ్చుగా?"

"వచ్చండీ."

నిజానికి మా ఊరికీ సముద్రానికీ మధ్య రెండు బస్సులు మారాలి. అది కూడా పెద్ద విషయం కాదు. అసలు విషయం నా జాతకంలో ఉంది. నేను పుట్టినప్పుడు మా ఊరి సిద్ధాంతిగారు జాతకం రాసి, విద్యాయోగం, వాహనయోగం, రాజయోగం అన్నీ పెద్ద అక్షరాలతో నింపి, చివర్లో మిగిలిన చోట చిన్న అక్షరాలతో 'జలగండం కలదు' అని చేర్చారు. మా అమ్మ కంటికి ఆ పెద్ద అక్షరాలేవీ ఆనలేదు. అప్పట్నుంచీ నేను కాలవగట్టు వైపు చూస్తే వీపు విమానం మోత మోగేది. పుష్కరాలకి ఇంటిల్లిపాదీ గోదావరిలో మునకలేస్తుంటే, నన్ను మాత్రం మెట్ల మీద నిలబెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోశారు. సముద్రాన్ని నేను చూసింది ముచ్చటగా మూడుసార్లు. మూడుసార్లూ వెనకనుంచి మా అమ్మ నా చొక్కా కొస పట్టుకునే ఉంది.

ఆ చొక్కా కొస ఇంకా అమ్మ చేతిలోనే ఉన్నట్టు భయపడుతూ, మర్నాటి పొద్దున్న ఆరింటికి జూబ్లీహిల్స్‌లో కొండరాళ్ళ పక్కనున్న ఒక క్లబ్బు ఈతకొలను దగ్గర హాజరయ్యాను. అక్కడ నేర్పేది ఒక మేడమ్. నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా, సముద్రపు ఎండలకి నిగనిగలాడే నలుపులో ఉండేది. పుట్టి పెరిగింది హైదరాబాదులోనే అయినా సంవత్సరంలో సగం ఏదో ఒక సముద్రంలో మునిగే ఉండేదట. ప్రతి మాటకీ ముందు "జర ఆగు" అనడం ఆవిడ అలవాటు, అంచేత మనసులో ఆవిడకు జరాగు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను.

"ఈత వస్తదా?" అంది.

"వచ్చండీ."

"యాడ నేర్సుకున్నవ్?"

"గోదావరిలోనండీ." (ఆ చెంబు నీళ్ళు గోదావరివే కదా.)

"మంచిగైంది. గీ కొసకెల్లి ఆ కొసకు పోయి రా, చూస్త."

మెట్లు దిగాను. నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. ఫరవాలేదనిపించింది. వీడియోల్లో చూసినట్టు ముందుకు వంగి, చేతులు రెండూ బారలు వేస్తూ, కింద మాత్రం కాళ్ళతో నింపాదిగా నడుచుకుంటూ బయల్దేరాను. పైనుంచి చూసేవాళ్ళకి ఈతలాగే ఉంటుందని నా అంచనా. సగం దూరం చాలా హుందాగా గడిచింది. ఆ తర్వాత కొలను అడుగు వాలుగా లోతుకు దిగుతుందని నాకెవరూ చెప్పలేదు. ఉన్నట్టుండి కాళ్ళకింద నేల మాయమైంది. నేనూ మాయమయ్యాను. మళ్ళీ నాకు తెలివొచ్చేసరికి మేడమ్ నా బనియను మెడపట్టి, పిల్లిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని గట్టు మీదికి లాగుతోంది.

"గోదావరిల నడిసినవా తమ్మీ, ఈదినవా?" అంది, నేను మింగిన నీళ్ళన్నీ కక్కడం పూర్తయ్యాక.

ఇక దాచి లాభం లేదు. జాతకం దగ్గర్నుంచి కిటికీ గట్టు దాకా అంతా చెప్పేసి, "మా గురువుగారికి చెప్పకండి మేడమ్. తెలిస్తే నన్ను తీసేస్తారు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. తువ్వాలు నా మీదికి విసిరి, "ఆయనకు చెప్ప. కానీ నాకు మల్ల అబద్ధం చెప్పినవనుకో, ఆడికే ఖతం. నీళ్ళకాడ అబద్ధం నడ్వది బిడ్డా. భూమ్మీద అబద్ధమాడితే ఇజ్జత్ పోతది, నీళ్ళల్ల ఆడితే పానం పోతది. రేపటికెల్లి పొద్దుగాల పిల్లల బ్యాచుకు రా" అంది.

పిల్లల బ్యాచ్‌లో అందరికంటే పెద్దవాడికి ఎనిమిదేళ్ళు. నేను ఆ కొలను అంచు కడ్డీ పట్టుకుని వాళ్ళతోపాటు కాళ్ళు తపతపలాడిస్తుంటే, గులాబిరంగు టోపీ పెట్టుకున్న ఆరేళ్ళ పాప ఒకర్తి నా అవస్థను శ్రద్ధగా చూసి, "అంకుల్, ఆ నీళ్ళు తాగకండి. బంటీ అందులోనే సుస్సు పోస్తాడు" అని హెచ్చరించింది. (నాకు నీళ్ళకంటే ఆ 'అంకుల్' ఎక్కువ చేదుగా తగిలింది.) సిగ్గు పదిరోజుల్లో పోయింది. భయం నెల పట్టింది. రెండున్నర నెలలకి ఆగకుండా కొలను ఎనిమిదిసార్లు ఈదగలిగాను. ఆరోజు పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. బంటీ కూడా కొట్టాడు. ఆ తర్వాత వీపున సిలిండరు, నోట్లో గాలిగొట్టం, ముఖానికి మాస్కు, కాళ్ళకు బాతుకాళ్ళలాంటి రబ్బరు తొడుగులు. నీళ్ళ అడుగున మాటలుండవు కాబట్టి చేతి సైగలు నేర్పింది మేడమ్. చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే 'బాగానే ఉన్నాను' అని. బొటనవేలు పైకి ఎత్తితే 'పైకి పోదాం' అని.

"మీ సిన్మావాళ్ళతోని గిదే పరేషాన్. ఊకె బొటనేలు లేపుతరు, షాట్ ఓకే అని. నీళ్ళల్ల అట్ల లేపితే దుకాణం బంద్. ఎందుకని కూడ అడగరు, పైకి తీస్కవోతరు. యాద్ పెట్టుకో" అని నూటొక్కసారి చెప్పింది. నూటొక్కసారీ తలూపాను.

బయల్దేరడానికి వారం ముందు గురువుగారు నన్ను ఓడ బొమ్మలిచ్చి ఆర్టు డిపార్టుమెంటుకు పంపారు. ఫిల్మ్ నగర్ ఏటవాలులో స్టూడియో వెనక రేకుల షెడ్డులో సెట్లు కట్టే పని జరిగేది. అక్కడ పెద్దాయన ఒకరుండేవారు. అరవై అయిదేళ్ళు, ఆరడుగుల పైన మనిషి, వంగితే తప్ప ఏ గుమ్మమూ పట్టేది కాదు. ఎప్పుడూ పెదాల మధ్య నాలుగు మేకులు పట్టుకుని ఉంటారు కాబట్టి ఊరంతా మేకుల మాస్టారు అనేది. ఆయనతో మాట్లాడాలంటే ముందు ఆయన ఆ మేకులు తీసేదాకా ఆగాలి. సాధారణంగా తీసేవారు కారు, తల మాత్రం ఊపేవారు. ఆరోజు బొమ్మలు అందుకుని, మేకులన్నీ ఒక్కొక్కటే తీసి చొక్కా జేబులో వేసుకుని, "కిందికి దిగేది నువ్వేనట కదా బాబూ? కూర్చో" అన్నారు.

ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాను. ఆయన రంపప్పొట్టును చెప్పుతో అటూ ఇటూ జరిపారు.

"మా నాన్న ఓడలో బొగ్గు ఎత్తేవాడు. మాది కోరంగి దగ్గర. నేను కడుపులో ఉండగా యుద్ధంలో ఓడెక్కాడు. మళ్ళీ రాలేదు. ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చిందట. చదివినాయన 'ఓడ పోయిందమ్మా' అన్నాడట, అంతే. ఏ ఓడో, ఏ సముద్రమో ఇప్పటికీ తెలీదు."

"అయితే ఇది..." అన్నాను నేను, రోమాలు నిక్కబొడుచుకుంటుండగా. (మనలోని కథకుడు ఊరుకోడు కదా.)

"ఇది ఆ ఓడ కాదులే. అంత వెర్రివాణ్ణి కాదు. కానీ ఆ కాలపు ఓడే. అలాంటి పనివాళ్ళే. మా అమ్మ నా ఎదుట ఎప్పుడూ ఏడ్చి ఎరగదు బాబూ. ఒకటే అనేది. అంత పొడుగు మనిషి, మంచం చాలక చాప మీద పడుకునేవాడు, ఆ ఓడలో కాళ్ళు చాపుకునేంత చోటుండేదో లేదో అని. పోయేముందు మంచాన పడి కూడా అదే మాట. నేను నిలబడితే మీ నాన్నే నిలబడ్డట్టుంది అనేది." ఆయన నావైపు చూడకుండా జేబులోంచి ఒక మేకు తీసి వేళ్ళమధ్య తిప్పారు. "ఆ పనివాళ్ళు పడుకునే చోటేదన్నా కనపడితే, ఎంత పొడుగుందో చూసి చెప్పగలవా? కనపడకపోతే ఏం ఫరవాలేదు."

"చెప్తానండీ" అన్నాను. ఎప్పటిలాగే ఠక్కున వచ్చేసింది. కానీ షెడ్డు బయటికి వచ్చాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అప్పటిదాకా నేనన్న "వచ్చండీ"లన్నిటికీ బయటపడితే పోయేది నా పరువే. ఇది అలాంటిది కాదని ఆ వయసులో కూడా అర్థమైంది.

మా అమ్మకు ఫోను చేసి, కథాచర్చలకి శ్రీలంక వెళ్తున్నానని చెప్పాను. "అక్కడ నీళ్ళేమైనా ఉంటాయేంట్రా?" అంది. "చుట్టూ కొంచెం ఉంటాయంటమ్మా" అన్నాను.

శ్రీలంక తూర్పు తీరంలో ఒక చిన్న పల్లె. నేనూ, మేడమూ, మా ప్రొడక్షన్ మేనేజరుగారూ వెళ్ళాం. మేనేజరుగారు పడవ ఎక్కిన అయిదు నిమిషాలకే ముందురోజు తిన్నది కూడా సముద్రుడికి సమర్పించుకుని, మళ్ళీ పడవ వంక చూడలేదు. ఒడ్డున కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేయించుకుని నిర్వహణ బాధ్యతలు చూశారు. మా పడవ నడిపే తమిళాయన ఆ ఓడను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు. ఆయనకు వచ్చిన పది హిందీ ముక్కలతో మేడమ్‌కు అంతా వివరించాడు. ఓడ మరీ లోతులో లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది, వెనకభాగంలో ఖలాసీలు, అంటే ఓడ పనివాళ్ళు, పడుకునే గది గోడ ఊడిపోయి తెరుచుకుని ఉంది అని.

"లోపటికి పోవుడు లేదు. బయట్నించే చూడాలె. ఏదీ ముట్టుడు లేదు. అది ఇల్లు కాదు, సమాధి. తెలిసిందా?" అంది మేడమ్.

తలూపి, దండం పెట్టుకుని, వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాను. తాడు పట్టుకుని మెల్లగా దిగుతుంటే చెవులు నొప్పెట్టాయి. ముక్కు మూసుకుని లోపలినుంచి గాలి ఊదితే టక్కుమని తెరుచుకున్నాయి. మళ్ళీ నొప్పి, మళ్ళీ టక్కు. నా ఊపిరి నాకే బండి ఇంజనులా వినబడుతోంది. చుట్టూ నీలం, కింద కూడా నీలం. ఆ నీలంలో ఒకచోట ముదురు మచ్చ ఒకటి కనిపించింది. ఇంకొంచెం దిగేసరికి ఆ మచ్చ పొడుగైంది, ఇంకా పొడుగైంది. నా కళ్ళెదుట, ఒక వీధి వీధంతా పక్కకు ఒరిగి పడుకున్నట్టు, ఓడ. ఇనుమంతా పగడాలు పట్టి గరుకుగా, మెత్తగా ఒకేసారి కనిపిస్తోంది. పసుపు చేపలు వేలకొద్దీ దాని మీదుగా వానలా వాలుతున్నాయి. నాకు ఒళ్ళు తెలియలేదు. నేను, జలగండం గలవాణ్ణి, చెంబుస్నానం వాణ్ణి, ఇది చూస్తున్నాను! మేడమ్ నావైపు తిరిగి, ఎలా ఉన్నావని సైగ చేసింది. పట్టలేని సంతోషంతో బొటనవేలు ఎత్తాను. సరిపోదేమోనని రెండో చేతిదీ ఎత్తాను.

ఆవిడ కళ్ళు మాస్కులో పెద్దవయ్యాయి. మరుక్షణం నా పట్టీ దొరకబుచ్చుకుని నన్ను పైకి తీసుకుపోవడం మొదలుపెట్టింది. నేను వద్దు వద్దని చేతులు ఊపాను. ఊపినకొద్దీ ఆవిడ పట్టు బిగించింది. ఓడ మళ్ళీ మచ్చయింది, మచ్చ నీలమైపోయింది.

పైకి తేలగానే, "ఏమైంది? చెవి నొస్తుందా? ఊపిరాడ్తలేదా?" అంది గాబరాగా.

"ఏం కాలేదండీ. చాలా... చాలా బాగుందని చెప్పాను."

మేడమ్ మాస్కు నుదుటి మీదికి తోసుకుని నా ముఖంలోకి చూసింది. అలలు మా ఇద్దర్నీ ఎత్తి దించుతున్నాయి. "గంత బాగుందా?" అంది చివరికి. తిట్టి ఉంటే బాగుండేది. పడవాయన ఆకాశం వైపు చూపించాడు. గాలి లేచింది. ఆ రోజుకు అంతే.

సాయంత్రం గురువుగారు ఫోను చేశారు. "చూశావా?" అన్నారు. "చూశానండీ" అన్నాను. అబద్ధం కాదు. ముప్ఫై సెకన్లు చూశాను. "గుడ్. అంతా రాసిపెట్టు" అని పెట్టేశారు. లాడ్జి వరండాలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. గాలి తగ్గకపోతే రెండ్రోజుల్లో వెనక్కి బయల్దేరాల్సిందేనని మేనేజరుగారు అప్పటికే ప్రకటించారు. మళ్ళీ దిగుతానో లేదో తెలియదు. రాతకేం లోటు? నాలుగు పేజీలు ధారాళంగా వచ్చాయి. వీడియోల్లో చూసినవన్నీ వచ్చి చేరాయి. ఖలాసీల గది దగ్గరికొచ్చి, 'ఒక్కో పడక ఏడడుగుల పొడవున, విశాలంగా' అని రాశాను. రాసి, బాగుందనుకున్నాను. అరవై అయిదేళ్ళ మనిషిని సంతోషపెట్టడానికి ఒక్క అడుగు అటూ ఇటూ అయితే తప్పేముంది?

మేడమ్ టీ గ్లాసుతో వచ్చి నా భుజం మీదుగా చదివింది. "ఏడు అడుగులా? ఎప్పుడు కొల్సినవ్?"

దొరికిపోయాను. మేకుల మాస్టారి సంగతంతా చెప్పాను. ఆవిడ టీ తాగడం మర్చిపోయి వింది. విని, ఆ నాలుగు పేజీలూ నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మడిచి పక్కన పెట్టింది.

"ఆ తల్లి బతికినన్ని దినాలు అడిగింది. నువ్వు గీడ కూసుండి ఏడడుగులని రాస్తవా? మీ మేనేజర్‌కు నేను చెప్త. గాలి రేపు తగ్గకపోతే ఎల్లుండి, ఎల్లుండి కాకుంటె ఆవలెల్లుండి. ఎన్క భాగం చూడకుంట వాపస్ పోము."

మూడోరోజు గాలి తగ్గింది. ఈసారి పడవాయన ఓడ వెనకభాగం మీదనే లంగరు వేశాడు. దిగుతున్నంతసేపూ బొటనవేళ్ళు రెండూ పిడికిట్లో మూసుకునే ఉన్నాను. గోడ ఊడిపోయిన చోట మేడమ్ టార్చి వేసింది. లోపల ఇనుపగొట్టాలతో చేసిన మంచాలు, ఒకదాని మీద ఒకటి రెండేసి వరసలు. ఓడ ఒరగడంతో అన్నీ ఏటవాలుగా, తుప్పుతో, నాచుతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎంత ఇరుకంటే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు మంచం ఎక్కాల్సిందే. అన్నిటికంటే బయటికి ఉన్న మంచం ఆ ఊడిన గోడ అంచుకి సమాంతరంగా ఉంది. మేడమ్ వెనకనుంచి నా సిలిండరు పట్టుకుంది. నేను ముట్టుకోకుండా, ఆ గొట్టం పొడుగునా నా రెండు చేతులూ బారగా చాపాను. నా బార అయిదడుగుల ఆరంగుళాలు. తల వైపున్న గుబ్బ దగ్గర ఎడమచెయ్యి పెడితే, కుడిచేతి వేలి కొసకీ మంచం చివరికీ మధ్య అయిదంగుళాలకు మించి లేదు. మళ్ళీ కొలిచాను. అంతే. ఏడూ లేదు, ఆరడుగుల పైన మనిషికి సరిపడేంతా లేదు.

ఎంతసేపు అలా చేతులు చాపి ఉండిపోయానో తెలియదు. ఇంతలో తలవైపునుంచి ఒక చారల చేప వచ్చింది. మంచం మీద మనిషి పడుకునే చోటంతా నింపాదిగా ఈదుకుంటూ పోయి, కాళ్ళ చివర ఏ అడ్డూ లేకుండా తిన్నగా బయటికి వెళ్ళిపోయింది. మాస్కులోకి బయటినుంచి నీళ్ళొస్తే ఎలా పంపాలో మేడమ్ నాకు చాలాసార్లు నేర్పింది. లోపలినుంచి వస్తే ఏం చెయ్యాలో నేర్పలేదు. నేను చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టి చూపించాను. ఆవిడ కూడా సున్నా చుట్టింది, కానీ పట్టు వదల్లేదు.

హైదరాబాదు వచ్చాక గురువుగారికి అంతా చెప్పాను. (నా మణికట్టుకు కట్టిన చిన్న కెమెరాలో వచ్చినదాన్ని కూడా చూపించాను. ఇరవై నిమిషాలపాటు నా మోకాలు మాత్రమే వచ్చింది. "మోకాలు బాగా చేసిందయ్యా, సహజంగా ఉంది" అన్నారాయన.) ఆ మంచాల గది ఆయనకు ఎంతో నచ్చింది. అయితే నీళ్ళలో దిగితే తన జుట్టు ఊడొస్తుందన్న రహస్యాన్ని మా హీరోగారు ఆ వారంలోనే బయటపెట్టడంతో, సముద్రాన్ని ఫిల్మ్ నగర్‌కే రప్పించాలని తేలింది. స్టూడియోలో సెట్టు వేసి, పొగ వదిలి, ఫ్యాన్లు పెట్టి, హీరోగారిని తాళ్ళతో వేలాడదీసి, నీళ్ళున్నట్టు తీయాలి. అంటే ఆ గది మేకుల మాస్టారు కట్టాలి. అంటే నేను ఆయనకు కొలతలు చెప్పాలి.

షెడ్డు గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి లోపలికి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే మేకులు తీసి జేబులో వేసుకున్నారు.

"అయిదడుగుల పదకొండంగుళాలుంటుందండీ. ఇంకా తక్కువే ఉండొచ్చు, ఎక్కువ మాత్రం ఉండదు" అన్నాను. నా జీవితంలో అంత చిన్న నిజం అంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

"ఓహో" అన్నారాయన. ఒక కాగితం మీద రాసుకున్నారు. వెడల్పు, ఎత్తు, రెండు మంచాల మధ్య ఎడం, అన్నీ అడిగి రాసుకున్నారు. పెన్సిలు చెవి వెనక పెట్టుకోబోయి ఆగి, "కాళ్ళవైపు అడ్డం ఉందా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. చేప సంగతి చెప్పాను. అది ఎలా వచ్చిందో, ఎలా వెళ్ళిపోయిందో చేత్తో గాలిలో గీసి చూపించాను. ఆయన ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు.

సెట్టు పూర్తయిన రోజు భోజనాల వేళ పనివాళ్ళందరూ బయటికెళ్ళాక నన్ను పిలిచారు. తుప్పు రంగు వేసిన గొట్టపు మంచాలు, సరిగ్గా నేను చూసిన ఇరుకులో, సరిగ్గా అదే ఒరుగుతో నిలబడి ఉన్నాయి. మాస్టారు చెప్పులు విడిచారు. కింది మంచం మీద చెయ్యి ఆనించి చూసి, మోకాళ్ళు మడిచి, మెల్లగా వెనక్కి వాలి పడుకున్నారు. తల గుబ్బకు తగిలింది. కాళ్ళు ముందు మడిచి ఉంచుకున్నారు. తర్వాత ఒకటి చాపారు. రెండోది కూడా చాపారు. చీలమండల నుంచి పాదాలు రెండూ మంచం దాటి గాలిలోకి వచ్చేశాయి.

"చాపుకోవచ్చు" అన్నారు పైమంచం గొట్టాల వైపు చూస్తూ. "పాదాలు బయటికొస్తాయి. అంతేగా. చాపుకోవచ్చు." ఇంకో క్షణానికి చాలా చిన్నగా, "అమ్మా, చాపుకోవచ్చే" అన్నారు.

నేను కొలత టేపు చుట్టుకుంటున్నట్టు నటిస్తూ పక్కకు తిరిగాను. కాసేపటికి "చెయ్యివ్వు బాబూ" అన్నారు. లేపాను. ప్యాంటుకు అంటిన రంగు దులుపుకుని, జేబులోంచి మేకులు తీసి పెదాల మధ్య పెట్టుకుని, పైమంచం మూల ఒక మరను బిగించడానికి వెళ్ళిపోయారు.

సినిమాలో ఆ గది కనురెప్పపాటు కనిపించింది. సినిమా దానికంటే కొంచెం ఎక్కువ రోజులు ఆడింది. మాస్టారు ఇప్పుడు లేరు. నేను మాత్రం ఆ చుట్టుపక్కలే మాటలు రాసుకుంటూ, కుర్చీలోనే కూర్చుంటూ బతుకుతున్నాను. ఎప్పుడైనా ఏ రాతా సాగని మధ్యాహ్నం ఆ సంగతి గుర్తొస్తుంది. ఆయనకు నేను చెప్పనిది ఒకటి ఉంది. తిరుగు పడవలో మేడమ్ అంది, "ఆ కాలంల మంచాలకు కాళ్ళకాడ చెక్క పలక ఉంటుండె కావచ్చు. ఉంటే ఎప్పుడో కుళ్ళిపోయుంటది" అని. ఆ మాట నేను ఆయనకు చేరవేయలేదు. అది అబద్ధం కిందికి వస్తుందో రాదో అప్పట్లో చాలా రోజులు బాధపడ్డాను. ఆమధ్య ఒకరోజు మా ఇంట్లో పాత చెక్కబల్ల పలక మారుస్తూ, మేకు నోట్లో పెట్టుకుని సుత్తి కోసం వెతుక్కుంటుంటే హఠాత్తుగా తట్టింది. యాభయ్యేళ్ళు చెక్కతోనే బతికిన మనిషికి, ఉప్పునీళ్ళలో చెక్క ఏమవుతుందో నేను చెప్పాలా? ఆయనకు ఆ సంగతి నాకంటే ముందే తెలిసి ఉంటుంది. తెలిసే అడిగారు, తెలిసే పడుకున్నారు. అది తెలియక, ఎంతో పెద్ద రహస్యాన్ని గుండెల్లో మోస్తున్నట్టు ఆ ఎండలో ఫిల్మ్ నగర్ ఏటవాలు దిగిపోతున్న ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. నవ్వొచ్చింది. మేకు నోట్లో ఉంది కదా, నవ్వకుండా ఆపుకున్నాను.